జెండా వందనం అయ్యాక తాత వెళ్ళే ఊరు

మా చిన్నప్పుడు ఆగస్టు 15 అంటే నాకు రెండు పనులు ఉండేవి. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బడికెళ్ళి, జెండా వందనం అయ్యాక పంచిపెట్టే బిళ్ళలు తెచ్చుకోవడం ఒకటి. ఆ తర్వాత తాత సైకిలు వెనక కూర్చుని, కాలవ గట్టు మీద నాలుగు మైళ్ళు పోయి, చెరువుగట్టు మామ్మ ఇంట్లో మజ్జిగ తాగి రావడం రెండోది.

ఆవిడ మాకు చుట్టం కాదు. ఊరు కూడా వేరు. ఊరి చివర చెరువు గట్టున వాళ్ళ పెంకుటిల్లు ఉండేది కాబట్టి మేం పిల్లలం ఆవిడని చెరువుగట్టు మామ్మ అనేవాళ్ళం. తాత ‘పెద్దమ్మా’ అనేవాడు. ముందు రోజు రాత్రే మా మామ్మ సున్నుండలు చేసి డబ్బాకెత్తేది. పండగ కాదు, పబ్బం కాదు, ఈ సున్నుండలు ఎందుకని నాకెప్పుడూ అనుమానం రాలేదు. స్వతంత్రం వచ్చిన రోజు కదా, తీపి పట్టుకెళుతున్నారు అనుకునేవాణ్ణి.

అది స్వతంత్రం కోసం కాదని నాకు పదమూడో ఏట తెలిసింది.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల వాళ్ళకి మిలిటరీ మాటలు కొత్త కాదు. మిలిటరీ మాధవరం మాకు దగ్గరే. అక్కడ సైన్యంలోకి వెళ్ళని ఇల్లు వెతుక్కోవాలి. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే మా చిన్నప్పుడు కూడా అలాగే పొడుగ్గా పడి ఉండేది. మా ఊళ్ళో మాత్రం మిలిటరీ నుంచి వచ్చినవాడు తాత ఒక్కడే. అందుకే ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. పెద్దవాళ్ళకి ‘మిలిటరీ’, పిల్లలకి ‘మిలిటరీ తాత’.

తాత 1941లో మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. అప్పటికి ఇరవయ్యేళ్ళు. సాపర్లంటే సైన్యంలో రోడ్లు వేసేవాళ్ళు, వంతెనలు కట్టేవాళ్ళు, పాతిపెట్టిన మందుపాతరలు తీసేవాళ్ళు. వాళ్ళ కేంద్రం బెంగుళూరు. అక్కడే ట్రెయినింగులో చెరువుగట్టు మామ్మ పెద్దకొడుకు పరిచయమయ్యాడు. నాలుగు మైళ్ళ దూరంలో పుట్టి, బెంగుళూరు దాకా వెళ్ళి కలుసుకున్నారు. తమిళం మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఉన్న చోట మన యాసలో మాట వినబడితే ప్రాణం లేచొచ్చిందని తాత అనేవాడు. ఇద్దరూ స్టూడియోలో దిగిన ఫోటో ఒకటి మా ఇంట్లో ఉండేది, ఇంకోటి వాళ్ళింట్లో. టోపీలు పక్కకి వాల్చుకుని, నవ్వాలా వద్దా అన్నట్టు నిలబడి ఉంటారు.

ఎందుకు చేరావు తాతా అని అడిగాను ఒకసారి. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. సోషల్ పుస్తకంలో క్విట్ ఇండియా పాఠం అయ్యింది. తెల్లవాళ్ళ సైన్యంలో పనిచేశావేంటి అని నా ప్రశ్న. ఎంత మొరటుగా అడిగానో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. తాతకి కోపం రాలేదు. "మెరక పొలం, ఎకరం. అప్పు. ఇంట్లో తినేవాళ్ళం ఎనిమిది మంది. నెల నెలా మనియార్డరు వస్తుందన్నారు" అన్నాడు. కాసేపయ్యాక, "అవతల బోసుగారి సైన్యంలోనూ మనవాళ్ళే ఉన్నార్రా. వాళ్ళనీ ఏమీ అనలేను" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి మాట్లాడలేదు.

ఆ యుద్ధంలో పాతిక లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. బలవంతంగా పట్టుకెళ్ళినవాళ్ళు కాదు, పేరు ఇచ్చి చేరినవాళ్ళు. వాళ్ళలో 87 వేల మంది దాకా తిరిగి రాలేదు. మన దేశం కోసం చేసిన యుద్ధం కాదనే మాట ఒకటి ఉంది కనుక వాళ్ళని తలుచుకోవడానికి మనకి ఒక రోజంటూ లేకుండా పోయింది. నాకది ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. ఎవరి జెండా కింద నిలబడ్డా, ఆ బురదలో నానిన కాళ్ళు మన ఊళ్ళవే.

కాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. వర్షాకాలం మేం బడి నుంచి రాగానే తాత మమ్మల్ని అరుగు మీద వరసగా కూర్చోబెట్టి కాళ్ళు చూసేవాడు. పాత పంచె ముక్కతో వేళ్ళ మధ్య తడి తుడిచేవాడు. మడమ నొక్కి చూసేవాడు. ముల్లు గుచ్చుకుందని దాచామో, తిట్లే. అన్నం పెట్టడం మా మామ్మ పని, కాళ్ళు చూడడం తాత పని. బర్మా అడవుల్లో ఆఫీసర్లు రోజూ సైనికుల కాళ్ళు చూసేవాళ్ళట. కాలు చెడితే మనిషి పోయినట్టేనని చెప్పేవాడు. మా నాన్నకి ఎనభై దాటాయి, ఇప్పటికీ స్నానం చేసి వచ్చి ముందు కాలివేళ్ళ మధ్యే తుడుచుకుంటాడు.

బర్మా అంటే మా వైపు వాళ్ళకి పరాయి దేశం కాదు. ‘రంగం’ అనేవాళ్ళు రంగూన్‌ని. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి తరతరాలుగా కూలికి, వ్యాపారానికి వెళ్ళారు. బర్మాలో మన వాళ్ళని కోరంగీలు అనే పిలిచేవారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత కొన్ని నెలల్లో లక్షల మంది భారతీయులు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలేసి, కొండలూ అడవులూ దాటి మణిపూర్, అస్సాం వైపు నడక పట్టారు. దారిలో ఎంతమంది పోయారో ఆ అడవులకే తెలియాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. మా మామ్మకి ఆ రోజు బాగా గుర్తు. కాకినాడ నుంచి బళ్ళ మీద జనం పల్లెలకి వచ్చేశారని, వాళ్ళకి మా ఇంటి పశువుల పాకలో చోటిచ్చామని చెప్పేది.

తాత వాళ్ళు బర్మా వైపు వెళ్ళింది 1944లో. అప్పటికి ఇంఫాల్, కోహిమా యుద్ధాలు అయ్యాయి. జపాన్ సైన్యం వెనక్కి తగ్గుతోంది. తాము, కలేవా అనే రెండు ఊళ్ళ మధ్య కబా లోయ అని ఉంది. ఆ లోయ గుండా సైన్యం ముందుకు పోవాలంటే రోడ్డు కావాలి. వానకి మోకాలి లోతు బురద. కంకర వేద్దామంటే ఆ లోయలో రాయి దొరకదు. అప్పుడేం చేశారంటే, గోనెపట్ట తెప్పించారు. పొడుగాటి గోనెపట్ట చుట్టల్ని తారులో ముంచి, చదును చేసిన మట్టి మీద ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా పరుచుకుంటూ పోయారు.

"మనింటి పెంకులు ఎలా నేస్తామో అలాగన్నమాట. పై నీళ్ళు లోపలికి దిగకూడదు" అని తాత రెండు అరిచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి చూపించేవాడు. వంద మైళ్ళ దారి అలా గోనెపట్ట మీద నడిచింది. లారీలు, ఫిరంగులు, ట్యాంకులు అన్నీ ఆ గోనె మీంచే. చిరిగిన చోటల్లా మళ్ళీ అతుకు. పగలూ రాత్రీ అతుకులే. మా ఇంట్లో వడ్ల బస్తా చిరిగితే తాత కుట్టే తీరు చూడాలి. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ రోడ్డు కలేవా దగ్గర చింద్విన్ నది ఒడ్డుకి చేరుతుంది. 1944 డిసెంబరులో ఆ నది మీద 1,154 అడుగుల బెయిలీ వంతెన వేశారు. అప్పటికి ప్రపంచంలో అంత పొడుగు బెయిలీ వంతెన లేదట. కింద తేలే పడవల మీద ఇనప చట్రాలు బిగించి కట్టిన వంతెన. తాత దాని మీద నడిచి అవతలికి వెళ్ళాడు. "మన గోదావరి చూసిన కళ్ళకి అదేం పెద్ద నది కాదు గానీ, కాలి కింద ఊగుతుంటే గుండె ఝల్లుమంది" అనేవాడు.

తాత స్నేహితుడు ఆ వంతెన చూడలేదు.

ఆ లోయలో గుండు తగిలి పోయినవాళ్ళకంటే జ్వరాలతో పడినవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. 1943లో గాయంతో ఒక్కణ్ణి వెనక్కి పంపిస్తే, రోగంతో 120 మందిని పంపాల్సి వచ్చేదని అక్కడి సేనాధిపతి స్లిమ్ రాశాడు. మలేరియా, విరేచనాలు, గడ్డిలో ఉండే పురుగు కుట్టి వచ్చే టైఫస్ జ్వరం. మలేరియా రాకుండా మెపాక్రిన్ అనే పచ్చటి మాత్ర రోజూ మింగించేవారు. ఒళ్ళంతా పసుపు రాసినట్టు అయ్యేది. అన్ని జాగ్రత్తలు తీసుకున్నా టైఫస్‌కి అప్పుడు సరైన మందు లేదు. 1944 నవంబరులో ఆ జ్వరంతోనే చెరువుగట్టు మామ్మ కొడుకు పోయాడు. ఇరవై రెండేళ్ళు. అక్కడే ఎక్కడో దహనం చేశారు.

అతను ఆసుపత్రి గుడారానికి వెళ్తూ తాత చేతిలో ఒక చెంబు పెట్టాడు. ఈ చెంబు గురించి కాస్త వివరంగా చెప్పాలి.

రోడ్డు పక్కన తుప్పలు కొడుతుంటే దొరికిందట. ఇత్తడి చెంబు, చిన్నది, పూజకి వాడేంత. ఒక పక్క పెద్ద సొట్ట. కిలుం పట్టి నల్లగా ఉంది. ఇసకతో తోమితే మెడ కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు బయటపడ్డాయి. మన ఇళ్ళల్లో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం చూడండి, అలా. తెలుగు అక్షరాలు! ముందు అక్షరాలు సొట్టలో అణిగిపోయాయి. చివర ‘మ్మ’ మాత్రం స్పష్టంగా ఉంది. 1942లో నడిచొచ్చిన వాళ్ళలో ఎవరో ఆడమనిషిది. మోయలేక పారేసిందో, మోస్తూ మోస్తూ అక్కడే పడిపోయిందో.

ఆ రోజు పనిలో ఉన్న మనవాళ్ళందరూ ఆ చెంబుని చేతులు మార్చుకుని చూశారట. ఎవరూ ఏం మాట్లాడలేదట. స్నేహితుడు దాన్ని సంచిలో పెట్టుకున్నాడు. "ఇంటికెళ్ళాక ఎవరిదో కనుక్కుని ఇచ్చేస్తాను. రంగం నుంచి వచ్చినవాళ్ళు మన వైపు బోలెడుమంది" అన్నాడట. జ్వరం ముదిరి తీసుకెళ్తున్నప్పుడు తాతకిచ్చి, "చూస్తూ ఉండు, వస్తా" అన్నాడు.

తాత ఆ చెంబుని మాండలే దాటించాడు, రంగూన్ దాటించాడు. 1945 ఆగస్టుకి తాత వాళ్ళు సిట్టాంగ్ నది వైపు ఉన్నారు. మంచి వానాకాలం. పెగూ కొండల్లోంచి తప్పించుకుని జపాన్ సైనికులు ఆ నది దాటి పోవాలని చూస్తున్నారు. ఆగస్టు 15న యుద్ధం అయిపోయిందని కబురొచ్చింది. కొందరు గాల్లోకి కాల్చారట, కొందరు ఏడ్చారట. తాత ఆ రోజు బూట్లు విప్పి కాళ్ళు ఆరబెట్టుకున్నాడట. అంతే.

"యుద్ధం అయిపోయిందని మాకు తెలుసు. కొండల్లో ఉన్నవాళ్ళకి తెలీదు. ఇంకా కొన్నాళ్ళు భయపడుతూనే ఉన్నాం" అన్నాడు. ఆగస్టు చివర్లో జపాన్ ప్రతినిధులు విమానంలో రంగూన్ వచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టారు. సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో, 12న సింగపూర్‌లో లొంగుబాటు పత్రాలు. తర్వాత ఆ జపాన్ సైనికుల చేతే రోడ్లు బాగుచేయించారు. తాతకి వాళ్ళ ముఖాలు గుర్తులేవు, కాళ్ళు గుర్తున్నాయి. బూట్లు లేక గుడ్డపీలికలు చుట్టుకుని, వాచిపోయి, పుళ్ళు పడి. "వాడి కాళ్ళూ మా కాళ్ళలాగే ఉన్నాయిరా" అన్నాడు ఒక రాత్రి, వాకిట్లో నులకమంచం మీద పడుకుని.

1946లో తాత ఇంటికొచ్చాడు. నల్ల ట్రంకు పెట్టె, కంబళి, ఎనామిల్ మగ్గు, ఒళ్ళంతా పచ్చరంగు. మా మామ్మ ఆయన కళ్ళూ గోళ్ళూ చూసి పచ్చకామెర్లు అనుకుంది. నలభై రోజులు నేలఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించింది. ఇది మాత్రల రంగే, దానంతట అదే పోతుంది అని తాత చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు తాతా అంటే, "ఐదేళ్ళ తర్వాత ఒకళ్ళు నాకోసం మందు నూరుతున్నారు, వద్దంటానా" అన్నాడు.

ఊళ్ళో మాత్రం యుద్ధం అయిపోయినట్టు లేదు. కిరసనాయిలు కంట్రోలు, గుడ్డ కంట్రోలు, బియ్యం కంట్రోలు. జపాన్ ఓడిపోతే దీపానికి నూనె దొరుకుతుందని ఎవరో చెప్పారట మా మామ్మకి. ఆవిడ ఎదురుచూసింది. రాజాజీ 1952లో బియ్యం మీద కంట్రోలు ఎత్తేసేదాకా తనకి యుద్ధం ముగిసినట్టే లేదని అనేది.

తాతకి పింఛను రాలేదు. యుద్ధం కోసం చేర్చుకుని, అవగానే పంపేసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. పింఛనుకి కావాల్సినంత సర్వీసు వాళ్ళకి లేదు. ఇంత అని డబ్బిచ్చి పంపారు. తర్వాతెప్పుడో ప్రభుత్వం ఆ కాలం సైనికులకి భృతి ఇస్తుందంటే, నాన్న ఆయన్ని ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాడు. డిశ్చార్జి పుస్తకం చెదలు కొట్టి రెండు పేజీలు పోయాయి. మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి తాత రానన్నాడు. ఆ విషయం రాయాలంటే నాకిప్పటికీ మనసొప్పదు, ఇక్కడితో వదిలేస్తాను.

ఊరొచ్చిన మూడో రోజు తాత చెంబు తీసుకుని చెరువుగట్టు మామ్మ ఇంటికి వెళ్ళాడు. కొడుకు పోయిన సంగతి ప్రభుత్వం కాగితం ద్వారా అప్పటికే తెలుసు వాళ్ళకి. అయినా ఆవిడ నమ్మలేదు. కాగితమేగా వచ్చింది, మనిషి రాలేదుగా అనేదట. తాతని చూశాక నమ్మింది. "నువ్వొచ్చి వాడు రాలేదంటే ఇంక రాడు" అందట.

అప్పటి నుంచి ఏటా ఆగస్టు 15న తాత ఆ ఊరు వెళ్ళేవాడు. మొదటిసారి 1946లో. అప్పటికి మనకి స్వతంత్రం రాలేదు. అది యుద్ధం అయిపోయిన రోజు, అంతే. మరుసటేడు అదే తేదీన దేశానికి స్వతంత్రం వచ్చింది. అది కాకతాళీయం అని చాలాకాలం అనుకున్నాను. కాదు. బర్మా యుద్ధంలో ఆ ప్రాంతం మొత్తానికీ పెద్ద సేనాధిపతి మౌంట్‌బాటెన్. తర్వాత ఇక్కడికి వైస్రాయిగా వచ్చిందీ ఆయనే. స్వతంత్రానికి తేదీ చెప్పమంటే జపాన్ లొంగిపోయిన రోజుకి రెండేళ్ళు నిండే రోజుని ఎంచుకున్నానని ఆయనే తర్వాత చెప్పాడు. ఈ సంగతి నేను ఉద్యోగంలో చేరాక తెలుసుకుని తాతకి చెప్పాను. విని, "అయితే ఆయనక్కూడా గుర్తుందన్నమాట ఆ రోజు" అన్నాడు.

మా సైకిలు వాళ్ళ గుమ్మం ముందు ఆగగానే ఆవిడ బయటికొచ్చేది. సన్నగా, నిటారుగా, ముతక తెల్లచీర.

"వచ్చావా నాయనా?"

"వచ్చాను పెద్దమ్మా."

ఏడాదికోసారి జరిగే సంభాషణ దాదాపు అంతే. తాత లోపలికెళ్ళి, జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి, గోడ మీది ఫోటో కింద పెట్టేవాడు. దాన్లో ఆయన బర్మా స్టార్ ఉండేది. ఆరు కోణాల ఇత్తడి రంగు నక్షత్రం. రిబ్బను నడుమ ఎర్రచార, అటూ ఇటూ ముదురు నీలం, నీలం మధ్యలో నారింజ గీత. ఆ పతకం తాత ఒక్కసారి కూడా చొక్కాకి పెట్టుకోగా చూడలేదు. వాళ్ళింట్లో ఉన్నంతసేపూ అది ఫోటో కింద ఉండేది. బయల్దేరేటప్పుడు మళ్ళీ జేబులోకి.

మజ్జిగ ఆ చెంబుతోనే ఇచ్చేది. తోమి తోమి బంగారంలా మెరిసేది. సొట్ట అలాగే ఉంచింది. మాటు వేసేవాడికి ఇచ్చి సరిచేయిస్తానని తాత అంటే ఒప్పుకోలేదట. సరిచేస్తే ఆ అక్షరాలు పోతాయని భయం. "దాని సొంతదారు ఎప్పుడైనా వస్తే పోల్చుకోవాలిగా" అనేదట. ఆవిడకి చదువు రాదు. అయినా ఆ ‘మ్మ’ ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగేది.

నా పదో ఏటో పదకొండో ఏటో, ఒకసారి ఆవిడ మామూలుగా అడగనిది అడిగింది. మజ్జిగ తాగుతున్నాను నేను. తాత పీట మీద కూర్చున్నాడు. వాన పడుతోంది బయట.

"చలేసిందా నాయనా వాడికి?"

తాత వెంటనే మాట్లాడలేదు. చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినబడుతోంది. తర్వాత, "లేదు పెద్దమ్మా. నా కంబళి కూడా కప్పాను" అన్నాడు. ఆవిడ తలూపింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది.

తిరుగుదారిలో తాత సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ వచ్చాడు, నాలుగు మైళ్ళూ.

నాకు పదమూడేళ్ళప్పుడు ఒక రాత్రి ఈ కథంతా చెప్పి, చివర్లో అన్నాడు. "నేను లేనురా అక్కడ. వాడు పోయిన రోజు పన్నెండు మైళ్ళ అవతల రోడ్డు మీద ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం తెలిసింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది." కంబళి మాటేంటని నేను అడగలేదు. అడగకపోవడమే మంచిదయ్యింది. ఆయన యుద్ధంలో చేసిన పనులన్నిటికంటే ఆ ఒక్క అబద్ధం మొయ్యడమే బరువేమో అని ఈ వయసులో అనిపిస్తుంది.

చెరువుగట్టు మామ్మ 1981లో పోయింది. ఆవిడ చిన్నకొడుకు ఆ చెంబు తెచ్చి తాత చేతికిచ్చాడు. అమ్మ అలా చెప్పిందన్నాడు. తాత ఆ తర్వాత కూడా ఏటా వెళ్ళేవాడు, సైకిలు తొక్కలేని రోజుల్లో రిక్షాలో. 1993లో తాత పోయాడు. చెంబు నాన్న దగ్గరికి, తర్వాత హైదరాబాదులో మా ఇంటికి వచ్చింది. ఇన్నేళ్ళలో రంగం నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు ఎక్కడ కనబడ్డా నేను అడుగుతూనే ఉన్నాను. ‘మ్మ’ ఒక్కటి చెప్తే ఏం పోల్చుకుంటారు ఎవరైనా.

కొన్నేళ్ళ కిందట కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వాళ్ళ వెబ్‌సైటులో పేర్లు వెతకొచ్చని తెలిసింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోయిన సైనికుల పేర్లు, హిందువైనా ముస్లిమైనా సిక్కు అయినా, వాళ్ళ దగ్గర ఉంటాయి. యుద్ధంలో గాయంతో పోయినా జ్వరంతో పోయినా తేడా చూపించరు. ఒక రాత్రి కూర్చున్నాను. ఇంటిపేరుతో వెతికాను, రాలేదు. ఇంగ్లీషులో తిప్పి తిప్పి రాశాను. ఆ కాలం గుమాస్తాలు మన పేర్లు ఎలా విన్నారో అలా రాసేసుకున్నారు. ఒంటిగంట దాటాక దొరికింది.

సాపర్. నంబరు. నవంబరు 1944. వయసు 22. రంగూన్ మెమోరియల్. ఇప్పటి యాంగాన్‌కి ఉత్తరాన తాక్యన్ శ్మశానవాటికలో ఉన్న స్మారకం అది. సమాధి లేని 27 వేల మంది పేర్లు ఆ రాతి స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. కింద ఇంకో వరస ఉంది. ఫలానావారి కుమారుడు అని తండ్రి పేరు, ఆ పక్కన తల్లి పేరు, ఊరు, తాలూకా, జిల్లా.

తల్లి పేరు!

పదేళ్ళకు పైగా ఆవిడ చేతి మజ్జిగ తాగాను. ఆవిడ పేరు నాకు తెలియదని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. వెంటనే నాన్నకి ఫోన్ చేశాను, అర్ధరాత్రి అని కూడా చూడకుండా. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అదా ఆవిడ పేరు" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. ఆ పేరు ఇక్కడ రాయను. అది వాళ్ళ ఇంటిది.

ఆ ఏడు ఆగస్టు 15న ఆ పేజీ ప్రింటు తీయించి, చెంబు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. కాలవ గట్టు ఇప్పుడు తారురోడ్డు. చెరువు సగం పూడిపోయింది. పెంకుటిల్లు చోట డాబా ఉంది. చిన్నకొడుకు కూడా పోయాడు, ఆయన మనవడు, కోడలు ఉన్నారు. ఎవరో ఏంటో చెప్పుకునేసరికి కొంతసేపు పట్టింది. ఫోటో మాత్రం ఉంది, హాల్లో, టీవీ పైన. ఇద్దరు కుర్రాళ్ళు, టోపీలు పక్కకి వాల్చుకుని.

నేను తాత డబ్బా తీసి ఆ ఫోటో కింద పెట్టాను. కోడలు చెంబు కడిగి మజ్జిగ పోసి తెచ్చింది. నేనడగలేదు, ఆవిడకెవరూ చెప్పలేదు.

మనవడు పదో తరగతి. జెండా వందనం నుంచి అప్పుడే వచ్చాడు, చొక్కాకి చిన్న కాగితం జెండా ఉంది. ప్రింటు తీసుకుని పైనుంచి కిందికి చదివాడు. ముత్తవ్వ పేరు దగ్గర ఆగి, "స్పెల్లింగ్ తప్పు రాశారండీ" అన్నాడు. పెన్ను తెచ్చుకుని, ఆ ఇంగ్లీషు అక్షరాల పక్కన తెలుగులో సరిగ్గా రాశాడు. రాసి, చెంబు వైపు చూసి, చివరి అక్షరం మీద వేలు పెట్టి, "ఇదీ ఇదీ ఒకటేనండీ" అన్నాడు.